అందరికీ ఫింటాసే కావాలట

కువైటులో, అర్దియా అనే చోట మా ఆఫీసు కార్ల రిపేరు షాపుల వెనక వరుసలో, రెండో అంతస్తులో ఉండేది. పదకొండు మందిమి పనిచేసేవాళ్ళం. ఒక లాండ్రీకి, ఒక పూల దుకాణానికి, రెండు క్లినిక్కులకు, ఇలా చిన్న చిన్న వాళ్ళకు సాఫ్ట్‌వేర్ రాసి ఇవ్వడం మా పని. నేను చేరిన రెండో ఏడాది, ఇళ్ళలో పనికి ఆడవాళ్ళను పెట్టే ఒక ఏజెన్సీ వాళ్ళు వచ్చారు. ఎవరు ఏ ఇంట్లో ఉన్నారు, ఎవరి ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, ఎప్పుడు ముగుస్తుంది, ఎవరికి వంట వచ్చు, ఇవన్నీ అప్పటిదాకా అట్ట ఫైళ్ళలో ఉండేవి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే ప్రోగ్రాం కావాలన్నారు. ఆ పని నేనే అడిగి తీసుకున్నాను. అక్కడికి వచ్చేవాళ్ళలో సగం మంది కడప, అన్నమయ్య జిల్లాల వాళ్ళని విన్నాను. మన వాళ్ళకు పనికొచ్చే పని చేస్తున్నానని లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా.

వివరాలు తెలుసుకుందామని ఏజెన్సీకి వెళ్ళాను. హాల్లో గోడ వారగా ప్లాస్టిక్ కుర్చీలు, వాటిలో కొత్త ఇంటి కోసం ఎదురుచూస్తున్న ఆడవాళ్ళు. మేనేజరు ఈజిప్టు ఆయన, అందరూ ముదీర్ అని పిలిచేవారు. ప్రోగ్రాం ఎలా ఉండాలో ఆయనకు మాటల్లో చెప్పడం రాలేదు. ఒకావిడను పిలిచి నా ఎదురుగా కూర్చోబెట్టి, ఈమెను అడిగి రాసుకో, మిగతా వాళ్ళకూ ఇదే, అన్నాడు.

ఆవిడది రాయచోటి దగ్గర పల్లె. నలభై దాటి ఉంటాయి. అంతకు ముందు ఆరేళ్ళు ఒకే ఇంట్లో చేసిందట. ఆ ఇంటి పెద్దామె చనిపోయాక పిల్లలు ఇల్లు ఖాళీ చేశారు, ఈవిడ ఏజెన్సీకి వచ్చేసింది. నేను లాప్‌టాప్ తెరవగానే కుర్చీ దగ్గరకు లాక్కుని, "ఇందులో నన్ను గురించి ఏం రాస్తాండావు మా?" అని అడిగింది.

ఆ ప్రశ్న నాకు నచ్చింది. సాధారణంగా ఎవరూ అడగరు. టేబుల్ మీద ఏజెన్సీ వాళ్ళ ఖాళీ దరఖాస్తు ఫారం ఒకటి ఉంటే తీసి చూపించాను. పేరు, ఊరు, వయసు, పాస్‌పోర్టు నంబరు, వచ్చిన పనులు అని గళ్ళు ఉన్నాయి. ఈ ఖాళీ కాగితాన్ని మేం క్లాస్ అంటామని, దాన్ని మీ వివరాలతో నింపితే ఒక ఆబ్జెక్టు, పక్కావిడ వివరాలతో నింపితే ఇంకో ఆబ్జెక్టు అవుతుందని చెప్పాను. ఫారం ఒక్కసారే తయారుచేస్తాం, మనుషులు ఎంతమందైనా రావచ్చు అన్నాను. పైన అచ్చువేసిన ఏజెన్సీ పేరు, ఫోన్ నంబరు మాత్రం ఎవరి కాగితంలోనైనా ఒకటే కాబట్టి వాటిని క్లాసులోనే ఒక చోట పెట్టేస్తామన్నాను.

ఆవిడ ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "అంటే గళ్ళు అందరికీ ఒకటే. గళ్ళల్లో ఉండేది ఎవరిది వాళ్ళదే."

"అంతేనండి అక్కా."

"దీనికి నువ్వు అంత చదువు చదవల్లనా?" అని నవ్వింది. చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. ముదీర్ కూడా తలెత్తి చూశాడు. కాలేజీలో మాకు ఈ పాఠం చెప్పడానికి వారం పట్టింది. ఆవిడకు అయిదు నిమిషాలు పట్టలేదు.

చివర్లో రిమార్కులు అని ఒక గడి ఉంది. ఇంటివాళ్ళు చేసిన ఫిర్యాదులు గానీ, పనిమనిషి చెప్పుకున్న కోరికలు గానీ అందులో రాస్తారు. ఏమైనా రాయాలా అని అడిగాను. ఆవిడ, ఫింటాసులో ఇల్లు దొరికితే బాగుంటుందని చెప్పింది. చెల్లెలు అక్కడే ఒక ఇంట్లో పనిచేస్తుందట. ఆరేళ్ళుగా ఇద్దరూ ఇదే దేశంలో ఉన్నా చూసుకున్నది తక్కువ. నేను ఉండేదీ ఫింటాసే అన్నాను. అక్కడ సముద్రం పక్కన నడవడానికి దారి ఉందంట గదా అని అడిగింది. ఉందని చెప్పాను.

ప్రోగ్రాం రాయడానికి రెండు నెలలు పట్టింది. అందులో నేను ఒక తప్పు చేశాను. రిమార్కుల జాబితాను ఒక్కో మనిషి వివరాలు ఎక్కించేటప్పుడు ఆ మనిషికి విడిగా తయారయ్యేలా రాయాలి. నేను దాన్ని తీసుకెళ్ళి క్లాసులో, ఏజెన్సీ పేరు, ఫోన్ నంబరు ఉన్న చోట, వాటి కింద లైన్లో పెట్టేశాను. అంటే అందరికీ కలిపి ఒకటే జాబితా. ఒక్కొక్కరి వివరాలు ఎక్కించగానే భద్రమైపోతాయి కాబట్టి ముందువాళ్ళకు ఏమీ కాదు గానీ, ఒకరి మీద రాసింది ఆ తర్వాత ఎక్కించిన వాళ్ళ మీద కూడా వచ్చి పడుతుంది. నేను పరీక్షించినప్పుడల్లా ఒక మనిషి వివరాలు ఎక్కించి, చూసుకుని, ప్రోగ్రాం మూసేదాన్ని. మూసి తెరిస్తే జాబితా ఖాళీ అయిపోయేది. ఒక్క మనిషితో చూసినంత కాలం ఆ తప్పు కనపడదు. రెండో మనిషి వివరాలు వెంటనే ఎక్కించి చూసి ఉంటే అప్పుడే తెలిసేది. నేను చూడలేదు. ఆ వారం మా బంధువులు వచ్చి ఉన్నారు, త్వరగా ఇంటికి వెళ్ళాలన్న తొందర. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

ఒక గురువారం పొద్దున ఏజెన్సీ క్లర్కు ప్రోగ్రాం తెరిచి, ఫైళ్ళు ముందు వేసుకుని, వరుసగా తొమ్మిది మంది వివరాలు ఎక్కించాడు. సోమవారం నాకు ముదీర్ ఫోన్ చేశాడు. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. నీ కంప్యూటర్ ప్రకారం ఇక్కడున్న ఆడవాళ్ళందరూ యజమానికి చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్ళినవాళ్ళేనట, పైగా అందరికీ ఫింటాసే కావాలట, అన్నాడు. అక్కడి సముద్రానికి అంత మహత్యమేమిటో చెప్పమన్నాడు. నేనూ నవ్వాను. కోడ్ తెరిచి చూస్తే తప్పు వెంటనే కనిపించింది. ఒక లైనును పై నుంచి తీసి కింద పెట్టాను. రెండు నిమిషాల పని. సరిచేశానని చెబితే ఆయన ఖలాస్ అని ఫోన్ పెట్టేశాడు.

వచ్చి పడిన రిమార్కులను చెరిపేద్దామని జాబితా తెరిచాను. క్లర్కు మొదట ఎక్కించిన ఆవిడకు ఇల్లు వదిలి వెళ్ళిందన్న రిమార్కు ఉంది. అది ఆమెదే. రెండో పేరు, అప్పటికీ ఇల్లు కుదరని రాయచోటి ఆవిడది. ఆమె కింద రెండు లైన్లు: యజమానికి చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్ళింది, ఫింటాస్ అయితే మంచిది. తర్వాతి ఏడుగురికీ అవే రెండు. ఇళ్ళవాళ్ళకు చూపించే కాగితం ఎవరిది ఎప్పుడు అచ్చు తీశారో ప్రోగ్రాంలో తెలుస్తుంది, ఆ ఏడుగురివి ఇంకా తీయలేదు. ఆమె కాగితం మాత్రం గురువారమే అచ్చు తీశారు.

ఏదో సాకు చెప్పి క్లర్కుకు ఫోన్ చేశాను. అతను మామూలుగానే చెప్పాడు. ఫింటాసులో ఒక ఇంటివాళ్ళు అడిగితే ఆ గురువారం సాయంత్రమే ఆమెను తీసుకెళ్ళారట. ఇంటి మామా (అక్కడ యజమానురాలిని అలాగే అంటారు) ఆమెతో మాట్లాడింది, కాగితం చదివింది, వద్దంది. శనివారం ఫింటాసుకు దూరంగా, సులైబియాలో ఒక తోట ఇంటికి పంపారు. అక్కడివాళ్ళు కాగితం చూడను కూడా లేదు, వంట వస్తే చాలన్నారు.

అప్పటికి నాలుగు రోజులే అయింది. ఆ రోజే ముదీర్‌కు నిజం చెప్పి ఉంటే ఫింటాసు ఇంటివాళ్ళతో మళ్ళీ మాట్లాడేవాడేమో. వాళ్ళకు ఇంకా ఎవరూ దొరకలేదని క్లర్కే అన్నాడు. నేను మా బాసు దగ్గరకు వెళ్ళి చెప్పాను. ఆయన తల పట్టుకుని, వచ్చే నెల ఆ ఏజెన్సీ ఇంకో పని ఇస్తానందని, ఇప్పుడు ఇది బయటపెడితే మన మీద నమ్మకం పోతుందని, అయినా ఆమెకు ఇల్లు దొరికింది కదా అని అన్నాడు. ఆయన నన్ను బెదిరించలేదు. చెప్పొద్దని గట్టిగా కూడా అనలేదు. నేను ఎదురు మాట్లాడి ఉంటే వినేవాడేమో తెలియదు. ఆ మాట వినగానే నాకు తేలికైపోయింది, అదీ నిజం. సీట్లోకి వచ్చి ఎనిమిది మంది పేర్ల నుంచి ఇల్లు వదిలి వెళ్ళిందన్న లైను, ఆ ఏడుగురి పేర్ల నుంచి ఫింటాసు లైను కూడా చెరిపేశాను. రాయచోటి ఆవిడ పేరు కింద ఇప్పుడు ఫింటాస్ అయితే మంచిది అన్న ఒక్క లైనే మిగిలింది. ఇక ఎవరికీ తెలిసే దారి లేదు.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆఫీసులో కొత్తగా చేరిన వాళ్ళకు క్లాస్, ఆబ్జెక్ట్ వివరించాల్సి వచ్చినప్పుడల్లా ఈ కథనే చెప్పేదాన్ని. మనిషికి చెందాల్సిందాన్ని క్లాసుకు చెందేలా రాస్తే ఏమవుతుందో తెలుసా, కువైటులో పనిమనుషులందరికీ ఫింటాసు కావాల్సి వచ్చింది, అని. అందరూ నవ్వేవారు. బాగా గుర్తుండే ఉదాహరణ అని మెచ్చుకున్నారు కూడా. మొదటి రిమార్కు సంగతి, గురువారం అచ్చు తీసిన కాగితం సంగతి ఆ కథలో ఉండేవి కావు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, మా వీధి చివర బకాలా కొట్లో పెరుగు కొంటున్నాను. పక్కన ఒకావిడ ఫోన్లో మాట్లాడుతూ ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. "నేను పోతాండా గదా, నువ్వు ఒక్కదానివే ఎట్లుంటావు" అంటోంది. ఆ యాస విని పలకరించాను. తనది రాయచోటి వైపని చెప్పింది. తను పనిచేసే ఇంటివాళ్ళు వేరే దేశం వెళ్ళిపోతున్నారట, పది రోజుల్లో తనూ ఇండియా వెళ్ళిపోతోంది. మళ్ళీ రాదు. అక్క మాత్రం సులైబియాలో ఉండిపోతుందని, రెండేళ్ళ ఒప్పందం పూర్తయ్యేదాకా కదలడానికి లేదని చెప్పింది.

నేను అడగకుండానే మిగతాదీ చెప్పింది. ఈ పక్క వీధిలోనే అక్కకు ఒక ఇల్లు కుదిరినట్టే కుదిరి తప్పిపోయిందట. "మా అక్క ఆ మామా ముందర నవ్వినాదంట. అందుకే వద్దన్న్యాదని అక్క అనుకుంటాది. అప్పట్నుంచీ యవరి ముందరా నవ్వదు మేడం. బో పెద్ద నవ్వు మా అక్కది."

పెరుగుకు డబ్బులిచ్చి ఆమె వైపు తిరిగాను. అప్పుడైనా చెప్పాల్సింది. దాని బదులు, శుక్రవారం నాకు సెలవు, కావాలంటే నా కార్లో సులైబియా తీసుకెళతాను, వెళ్ళేముందు అక్కను చూసుకోవచ్చు అన్నాను. ఆమె నమ్మలేనట్టు చూసింది. బస్సులు మారి వెళ్ళేంత సమయం ఇంట్లో ఇవ్వరట, ఎనిమిది నెలల్లో రెండుసార్లే చూసుకున్నారట. ఎందుకు మేడం మీకు ఇంత శ్రమ అంది. మనవాళ్ళం కదండి అన్నాను. ఆ మాట అన్నందుకు కూడా ఆ రాత్రంతా నా మీద నాకే అసహ్యం వేసింది.

శుక్రవారం పొద్దున బయల్దేరాం. ఆమె ఒళ్ళో ఒక సంచి, అందులో అక్కకు చీర, నిమ్మకాయ పచ్చడి సీసా. దారిలో గోదాములు, లారీలు దాటి, ప్లాస్టిక్ కప్పిన టమోటా తోటల మధ్య మట్టి రోడ్డు మీదుగా వెళ్ళాం. తోట ఇల్లు పెద్దది, వెనక గొర్రెల దొడ్డి ఉంది. ఇంటి మామా బయట వంటగది దగ్గర కూర్చుని మాట్లాడుకోమంది.

రాయచోటి ఆవిడ చిక్కిపోయింది. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకుని కాసేపు ఏడ్చారు. తర్వాత ఆవిడ నా వైపు తిరిగి, ఎక్కడో చూసినట్టుంది అంది. కంప్యూటర్ అమ్మాయివి గదా, అని గుర్తుపట్టింది. నాకు టీ పెట్టి ఇచ్చింది. పెద్ద పళ్ళెంలో ములుఖియా అనే ఆకుకూర ఉంటే అక్కాచెల్లెళ్ళు చెరో వైపు కూర్చుని కాడల నుంచి ఆకు తుంచుతూ మాట్లాడుకున్నారు. వాళ్ళ తమ్ముడి బోరుబావి గురించి, ఎవరిదో పెళ్ళి గురించి. నేను గంటసేపు తోట చూసే నెపంతో అటూ ఇటూ తిరిగాను. తిరిగి వెళ్ళాల్సిన సమయం దగ్గర పడింది. ఇప్పుడు కాకపోతే ఎప్పటికీ చెప్పలేనని తెలిసింది. వచ్చి వాళ్ళ పక్కన బండ మీద కూర్చున్నాను.

"అక్కా, ఫింటాసు ఇంటివాళ్ళు మిమ్మల్ని వద్దన్నది నా వల్లండి."

ఎలా మొదలుపెట్టానో అలాగే మొత్తం చెప్పాను. ఆ రోజు మీకు ఫారం చూపించి, ఎవరి గళ్ళల్లో ఉండేది వాళ్ళదే అని చెప్పాను కదా, రాసేటప్పుడు అదే తప్పాను, ఒక గడి మాత్రం అందరికీ ఒకటే అయ్యేలా రాశాను అన్నాను. ఇంకొకామె మీద ఉన్న మాట మీ కాగితంలో పడింది, ఆ మామా అది చదివి వద్దంది. సోమవారానికే నాకు తెలుసు, చెప్పలేదు.

ఆవిడ చేతిలో కాడను పళ్ళెంలో పెట్టింది. "అయితే నేను నవ్వినందుకు గాదా?" అంది.

"కాదండి."

"నవ్వినందుకు గాదు," అని చెల్లెలి వైపు చూసి మళ్ళీ అంది. తర్వాత ఆకు తుంచడం మొదలుపెట్టింది. తిట్టలేదు. పోనీలే అని కూడా అనలేదు. పళ్ళెం సగం నిండాక అడిగింది. "ఆ మాట యవరిదో ఆ యమ్మ, ఇల్లు వదిలిపెట్టి ఎందుకు పోయినాదంట?"

నాకు తెలియదు. ఆ ప్రశ్న ఈ ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా నాకు రాలేదు. ఆమె పేరు నా తెర మీద మొదటి వరుసలో ఉండేది. ఆ రిమార్కు ఆమెదే కాబట్టి అక్కడ తప్పు లేదనుకుని దాటేశాను.

తిరుగు దారిలో చెల్లెలు వెనక సీట్లో కూర్చుంది. వెళ్ళేటప్పుడు ముందు సీట్లో కూర్చుంది. వాళ్ళ ఇంటి ముందు దిగుతూ, తలుపు పట్టుకుని అంది. "తప్పు రాసినారు, సరే. నాలుగు దినాలప్పుడే చెప్పింటే మా అక్క ఈ ఎనిమిది నెలలూ నాతో ఉండేది గదా." నా జవాబు కోసం ఆగలేదు. ఆమె ఇండియా వెళ్ళాక క్షమించమని ఒక మెసేజ్ పెట్టాను. చదివినట్టు రెండు నీలం గీతలు వచ్చాయి. జవాబు రాలేదు.

ఆదివారం నేను ఏజెన్సీకి వెళ్ళి ముదీర్‌కు జరిగింది చెప్పి, రాసి సంతకం చేసి ఇచ్చాను. కేకలేస్తాడనుకున్నాను. ఆయన కాగితం రెండుసార్లు చదివి, ఇప్పుడు దీనితో ఏం చేయమంటావు అని అడిగాడు. ఆమెను ఫింటాసుకు మార్చమన్నాను. ఆ ఇంటివాళ్ళు ఎప్పుడో వేరే మనిషిని పెట్టుకున్నారని, అయినా సులైబియా వాళ్ళతో మాట్లాడి చూస్తానని అన్నాడు. మాట్లాడాడు కూడా. వాళ్ళు రెండు నెలలు ఆగితే పంపుతామన్నారట. ఆ సంగతి చెప్పడానికి ఆవిడకు ఫోన్ చేశాను. చెల్లెలు వెళ్ళిపోయాక ఫింటాసులో తనకేం పని అంది. ఇక్కడి పిల్లలు అలవాటయ్యారు, ఉండనీ మా, అంది. కాగితంలో తన పేరు కింద ఇంకా ఏముందని అడిగి, ఆ ఫింటాసు మాట కూడా తీసేయమంది. క్లర్కుకు చెప్పి తీయించాను.

మా బాసు ఆ ఏజెన్సీ పనిలోంచి నన్ను తప్పించాడు. ఏజెన్సీ కొత్త పని ఇవ్వలేదు. నాతో మాట్లాడటం తగ్గించాడు గానీ ఉద్యోగంలోంచి తీసేయలేదు. కొత్తవాళ్ళకు పాఠం ఇప్పటికీ నేనే చెబుతాను, ఇప్పుడు కథంతా చెబుతాను. ఎవరూ నవ్వరు. కొందరు ఇబ్బందిగా కదులుతారు. ఒకమ్మాయి మాత్రం, మీరు ఎందుకు చెప్పలేదు మేడం, అని సూటిగా అడిగింది. భయం అన్నాను. అది పూర్తి నిజం కాదు. చెప్పకపోతే ఏమీ కాదని తెలిసిపోవడమే ఎక్కువ.

ఇల్లు వదిలి వెళ్ళిన ఆ ఇంకొకామె సంగతి తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. ముదీర్ ఫైలు మూసి, ఆమె వివరాలు ప్రోగ్రాంలోంచి కూడా తీసేశామన్నాడు. ఏజెన్సీలో అప్పుడు ఆమెతో పాటు ఉన్న ఒకావిడ చివరికి చెప్పింది. ఆమెకు పన్ను నొప్పి వచ్చిందట. నాలుగు రోజులు అడిగినా ఇంట్లో ఎవరూ డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళలేదు. అయిదో రోజు పొద్దున దవడ వాచిపోతే, తనే గేటు తీసుకుని క్లినిక్కు దాకా నడిచి వెళ్ళింది. మధ్యాహ్నానికి తిరిగి వచ్చేసరికి ఆమె సామాను గేటు బయట ఉంది. ఆ రిమార్కుతో ఏ ఇల్లూ దొరక్క, మూడు నెలలు ఏజెన్సీలో ఉండి, ఇండియా వెళ్ళిపోయింది. ఏ ఊరో, ఫోన్ నంబరేదో ఎవరి దగ్గరా లేవు.

అది విన్న వారం శుక్రవారం సులైబియాకు ఫోన్ చేసి, మీరు అడిగారు కదా అని, విన్నది విన్నట్టు చెప్పాను. వెనక గొర్రెల అరుపులు వినిపిస్తున్నాయి.

"మరి ఆ పన్ను పీకించుకున్న్యాదంటనా?" అంది.

"తెలియదక్కా," అన్నాను.